అర్ధరాత్రి కారు యాక్సిడెంట్ నుంచి బతికి బయటపడ్డాక ఏం చెయ్యాలి

రాత్రి రెండున్నర దాటింది, రోడ్డంతా ఖాళీ, ఇంకో అరగంటలో ఇల్లు అనుకుంటూ నడుపుతున్నా. కన్ను మూతపడిందని కూడా తెలీలేదు, పెద్ద చప్పుడు, కారు గిర్రున తిరిగింది, అంతే. తర్వాత నాకు బాగా గుర్తున్నది ఆ నిశ్శబ్దం, అందులో వైపర్ ఒక్కటే పొడి అద్దం మీద కీచుమంటూ అటూ ఇటూ తిరుగుతోంది, కారంతా తెల్లగా పొగలా కమ్మేసింది. మంటలు అంటుకున్నాయని గుండె ఆగినంత పనైంది. తర్వాత తెలిసింది అది చాలావరకు పౌడర్ అని, ఎయిర్‌బ్యాగ్ మడతలు అతుక్కోకుండా అందులో టాల్క్ లాంటిది వేస్తారంట, అది తెరుచుకున్నప్పుడు కాలిన వాసన కూడా వస్తుంది. ఇది ముందే తెలిసుంటే ఆ నిమిషం అంత భయపడేవాణ్ణి కాదు, అందుకే మొదటే చెప్తున్నా. కానీ నిజంగా మంట కనిపించినా, పెట్రోల్ వాసన వచ్చినా మాత్రం ఒక్క క్షణం ఆగొద్దు, వెంటనే దిగి దూరంగా వెళ్ళిపోండి.

మంట లేదనుకుంటే ముందు ఇంజిన్ ఆపండి, హజార్డ్ లైట్లు వెయ్యండి, కాళ్ళ వేళ్ళు చేతి వేళ్ళు కదుపుకుని చూడండి. మెడ బాగా నొప్పిగా ఉన్నా, కాళ్ళూ చేతులూ తిమ్మిరిగా ఉన్నా కదలకుండా అలాగే ఉండటం మంచిది, అక్కడే ఉంటే ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే తప్ప. పక్క సీట్లో వాళ్ళనీ అంతే, గుంజి బయటకి లాగొద్దు, పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడిస్తూ ఉండండి.

దిగగలిగితే బండ్లు రాని వైపు డోర్ నుంచి దిగి రోడ్డు పక్కన రెయిలింగ్ ఉంటే దాని అవతలకి వెళ్ళి నిలబడండి. రాత్రిపూట చాలామంది చేసే తప్పు ఇక్కడే, కారుకి ఏమైందో అని దాని వెనకే నిలబడి ఫోన్ లైట్ వేసి చూస్తూ ఉంటారు, వెనకనుంచి వచ్చే బండివాడికి ఆ చీకట్లో మీరు కనపడరు. మొదటి దెబ్బ నుంచి బయటపడి రెండో బండి కింద ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారండీ, దయచేసి ఫొటోలు తర్వాత తీసుకోండి.

ఎమర్జెన్సీకి ఫోన్ చేసేటప్పుడు మొదట ఎక్కడున్నారో చెప్పండి, ఏం జరిగిందో తర్వాత, ఎందుకంటే కాల్ మధ్యలో కట్ అయినా చోటు తెలిస్తే వాళ్ళు వచ్చేస్తారు. చాలా దేశాల్లో మొబైల్ నుంచి 112 పనిచేస్తుంది. నా ఫోన్ అయితే గుద్దుకున్నప్పుడు ఎగిరి ఎక్కడో పడిపోయింది, దొరకనే లేదు. ఒక లారీ ఆయన ఆపి పరిగెత్తుకొచ్చి "ఏం కాలేదు బాబూ, ముందు ఊపిరి తీసుకో" అని నా భుజం పట్టుకుని తన ఫోన్ ఇచ్చాడు. మా ఆవిడ నంబర్ నోటికి వచ్చు కాబట్టి సరిపోయింది. ఇంట్లో వాళ్ళది ఒక్క నంబరైనా నోటికి నేర్చుకోండి, ఈరోజే.

ఇక హాస్పిటల్ సంగతి. నేను ఆ రాత్రి కనీసం పదిసార్లు "నాకేం కాలేదు" అన్నాను, అబద్ధం కాదు, నిజంగానే ఏమీ తెలీలేదు. భయపడినప్పుడు ఊరే అడ్రినలిన్ అనే హార్మోన్ ఒంట్లో ఉన్నంతసేపు నొప్పి అంతగా బయటపడదు, మర్నాడు పొద్దున లేస్తే మెడ తిప్పలేకపోయాను. అందుకే బాగున్నా సరే డాక్టర్‌కి చూపించుకోండి. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మాట తడబడుతున్నా, అదేపనిగా మత్తుగా ఉన్నా, పొట్ట మీద బెల్ట్ గుర్తు పడి అక్కడ నొప్పిగా ఉన్నా, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నా అస్సలు తెల్లారేదాకా ఆగొద్దు. గర్భిణులు, పెద్దవయసు వాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు ఇవేమీ లేకపోయినా వెళ్ళాల్సిందే. ఆ రాత్రి ఒంటరిగా మాత్రం పడుకోకండి.

ఒంటికంటే మనసుకి ఎక్కువ టైం పడుతుంది. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడటం, కళ్ళు మూస్తే ఆ చప్పుడే వినపడటం, ఇవి మొదటి వారాల్లో మామూలే, చాలామందికి మెల్లగా తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, కారు చూస్తేనే చెమటలు పడుతుంటే సైకాలజిస్ట్‌ని కలవండి, దీనికి మంచి ట్రీట్‌మెంట్ ఉంది. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదట్నుంచీ కథంతా చెప్పాల్సిన పని లేదు, చెప్పాలనిపించిన వాళ్ళకే చెప్పండి. ఆక్స్‌ఫర్డ్‌లో యాక్సిడెంట్ అయి ఎమర్జెన్సీకి వచ్చిన 71 మంది మీద ఒక స్టడీ చేశారు, మొదటి ఆరు గంటల్లోపు ఆ ఘటన గుర్తుచేసి కొంతమందితో టెట్రిస్ అనే, పైనుంచి పడే ముక్కల్ని పేర్చే వీడియో గేమ్ ఆడించారు, ఆ తర్వాత వారంలో వాళ్ళకి ఆ దృశ్యాలు కళ్ళముందుకి రావడం మిగతావాళ్ళకంటే తగ్గింది. చిన్న స్టడీయే, కానీ నాకు ముందే తెలిసుంటే ఆడేవాణ్ణి.

మళ్ళీ స్టీరింగ్ పట్టుకోవడానికి తొందరపడకండి, డాక్టర్ సరే అన్నాక మొదట పగలు పక్క సీట్లో కూర్చోండి, తర్వాత తెలిసిన రోడ్డు మీద కొంచెం దూరం నడపండి, రాత్రి డ్రైవింగ్ అన్నిటికంటే చివర్లో. నిద్ర గురించి కూడా చెప్పాలి, అర్ధరాత్రి దాటినప్పట్నుంచి తెల్లవారుజాము ఆరు దాకా ఒళ్ళు నిద్రనే కోరుకుంటుంది, అద్దాలు దించినా పాటలు పెంచినా అది ఆగదు. గంటకి 100 కిలోమీటర్ల స్పీడులో నాలుగు సెకన్లు కన్ను మూస్తే కారు దాదాపు 110 మీటర్లు ఎవరూ నడపకుండానే పోతుంది. సేఫ్‌గా ఉన్నచోట ఆపి కాఫీ తాగి వెంటనే ఒక ఇరవై నిమిషాలు పడుకోండి, లేచేసరికి కాఫీ పనిచెయ్యడం మొదలవుతుంది. అప్పటికీ మగతగానే ఉంటే ఇక ఆ రాత్రి నడపొద్దు. నేను ఆపలేదు, అరగంటే కదా అనుకున్నాను.

"దేవుడు కాపాడాడు, సంతోషంగా ఉండు" అని అందరూ అంటుంటే మొదటి మూడు రోజులు నాకు ఏ సంతోషమూ కలగలేదు, ఎదురుగా ఎవరైనా వచ్చుంటే అన్న ఆలోచనే తినేసింది. మీకూ అలాగే ఉంటే మీలో లోపం ఉందనుకోకండి, ఆ కృతజ్ఞత బలవంతంగా రాదు. నాలుగో రోజు స్నానానికి వెళ్ళి అద్దంలో చూసుకుంటే భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా బెల్ట్ చార, మధ్యలో ఊదారంగు, అంచుల్లో అప్పుడే పచ్చబడుతోంది. ఆ చార లేకపోతే నేను లేను. ఈ మూడు చోట్ల పట్టే బెల్ట్‌ని 1959లో వోల్వో కార్ల కంపెనీలో నిల్స్ బోలిన్ అనే ఇంజినీర్ తయారుచేశాడు, కంపెనీ దాన్ని మిగతావాళ్ళు కూడా వాడుకోనిచ్చింది. ఎప్పుడో ఎక్కడో ఒకాయన కూర్చుని చేసిన పని నన్ను పట్టి ఆపిందని తల్చుకుంటే అక్కడే ఏడుపొచ్చేసింది.

ఆ రోజు నుంచి రాత్రి పడుకునేముందు రెండు లైన్లు రాస్తున్నా. "బతికున్నందుకు థాంక్స్" లాంటివి కాదు, అవి రెండు రోజుల్లో అలవాటైపోతాయి. ఈరోజు మెడ కొంచెం తిరిగింది, పాప నా చెయ్యి పట్టుకుని మెట్లు దించింది, ఇలా కళ్ళకి కనిపించినవి రాయండి. చేతులతో చేసేదేదైనా ఉంటే అదీ చెయ్యండి, నేను కారు రిపేర్‌లో పట్టుబట్టి సీట్ బెల్టులు, పాప చైల్డ్ సీటు కొత్తవి వేయించాను, గట్టి దెబ్బ తగిలాక అవి మళ్ళీ వాడకూడదు.

మీకోసం ఆగినవాళ్ళని వెతికి ఫోన్ చెయ్యండి. ఆ రాత్రి లారీ ఆయన ఫోన్ నుంచే చేశాను కాబట్టి ఆయన నంబర్ మా ఆవిడ ఫోన్లో ఉండిపోయింది. మూడు వారాల తర్వాత ధైర్యం చేసి కాల్ చేశాను, పేరు చెప్పేలోపే గొంతు గుర్తుపట్టి "ఒంట్లో ఎలా ఉంది బాబూ" అని అడిగాడు.