లైనక్స్ లాప్‌టాప్‌కి వేరే రిజల్యూషన్ మానిటర్ తగిలించినప్పుడు: అక్షరాల సైజు కలిపే పద్ధతి

మానిటర్‌లో అక్షరాలు గుమ్మడికాయలంత, లాప్‌టాప్‌లో చీమతలకాయలంత కనిపిస్తుంటే చాలామంది ముందు చేసే పని రిజల్యూషన్ తగ్గించడం. అది చేయొద్దు. ఎల్‌సీడీ ప్యానెల్‌కి పుట్టుకతో వచ్చిన రిజల్యూషన్ ఒక్కటే. దాన్ని మారిస్తే అక్షరాల అంచులు మసకబారతాయి. చూడాల్సింది అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళున్నాయన్నది.

14 అంగుళాల 2880×1800 లాప్‌టాప్‌లో అంగుళానికి దాదాపు 243 పిక్సెళ్ళు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 92. 12 పిక్సెళ్ళ ఎత్తున్న అక్షరం మానిటర్‌లో 3.3 మిల్లీమీటర్లుంటే లాప్‌టాప్‌లో 1.25 మిల్లీమీటర్లే ఉంటుంది. కాబట్టి రెండిటినీ సొంత రిజల్యూషన్‌లోనే వదిలేసి, లాప్‌టాప్‌కి 200 శాతం, మానిటర్‌కి 100 శాతం స్కేల్ (అక్షరాలూ బొమ్మలూ ఎన్ని రెట్లు పెంచి చూపాలన్న కొలత) పెట్టాలి. కింద లెక్కలన్నీ ఈ జతకే.

ముందు కేబుల్ సంగతి. ఫుల్ హెచ్‌డీకి ఇంట్లో పడున్న ఏ హెచ్‌డీఎంఐ కేబుల్ అయినా సరిపోతుంది. 4కే (3840×2160) మానిటర్ కొంటేనే చిక్కు. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టులో 4కే వస్తుంది కానీ 30 హెర్ట్జ్ (సెకనుకు 30 సార్లు బొమ్మ మారడం) దగ్గరే ఆగుతుంది. మౌస్ బురదలో నడిచినట్టుంటుంది. 60 కావాలంటే లాప్‌టాప్, మానిటర్, మధ్యలో హబ్ ఉంటే అదీ, అన్నీ హెచ్‌డీఎంఐ 2.0 అయి ఉండాలి. సికింద్రాబాద్ సీటీసీలోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో కేబుల్ కొనేటప్పుడు "4కే కేబుల్ ఇవ్వండి" అంటే చాలదు, "4కే 60 హెర్ట్జ్" అని అడగండి. పెట్టె మీద 'ప్రీమియం హై స్పీడ్' అని ఉంటే అది 18 జీబీపీఎస్‌కి (సెకనుకు 18 గిగాబిట్లు) పరీక్షించిన కేబుల్. ఉత్త 'హై స్పీడ్' అయితే 10.2 వరకే.

టైప్-సీ పోర్టు ఉన్నంత మాత్రాన వీడియో వస్తుందని కాదు. డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (టైప్-సీ గుండా వీడియో పంపే వసతి) ఉన్న పోర్టుకే వస్తుంది. మామూలుగా పక్కన డీ-పీ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో వేసుంటుంది. చవక హబ్‌లలో 4కే పక్కన 30 హెర్ట్జ్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. డిస్‌ప్లేలింక్ (యూఎస్‌బీ గుండా వీడియో పంపే) చిప్ ఉన్న డాక్‌కైతే లైనక్స్‌లో విడిగా డ్రైవర్ వేయాలి. అవసరం లేకపోతే దాని జోలికి పోకపోవడమే సుఖం.

కేబుల్ పెట్టినా మానిటర్ కనిపించకపోతే, గేమింగ్ లాప్‌టాప్ అయితే అనుమానం ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్ మీదికి పోవాలి. ఇలాంటి చాలా మోడళ్ళలో హెచ్‌డీఎంఐ పోర్టు ఆ చిప్‌కే కలిపి ఉంటుంది. బ్యాటరీ కోసం ప్రైమ్-సెలెక్ట్ (ఏ గ్రాఫిక్స్ చిప్ వాడాలో ఎంచే ఆదేశం)తో ఇంటెల్ మోడ్‌లో పెట్టుకుంటే ఆ చిప్ ఆగిపోతుంది, దానితోపాటు పోర్టూ పోతుంది. ఆన్-డిమాండ్ మోడ్‌కి మార్చి రీబూట్ చేయండి. డ్రైవరే లేకపోతే ఉబుంటులో 'అడిషనల్ డ్రైవర్స్' నుంచి వేసుకోవచ్చు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే ఆ డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీబూట్‌లో నీలం స్క్రీన్ వచ్చినప్పుడు 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. కంగారులో 'కంటిన్యూ' నొక్కేస్తే డ్రైవర్ ఉండీ లోడ్ కాదు.

ఇక అసలు పని. లైనక్స్‌లో స్క్రీన్ మీద విండోలను చూపించే వ్యవస్థలు రెండు: కొత్తది వేలాండ్, పాతది ఎక్స్11. మీది ఏదన్నదాన్ని బట్టి దారి మారుతుంది. గ్నోమ్ (ఉబుంటులో మామూలుగా వచ్చే డెస్క్‌టాప్) సెట్టింగ్స్‌లో 'అబౌట్' కింద సిస్టమ్ వివరాల్లో 'విండోయింగ్ సిస్టమ్' అనే వరుస చూడండి. వేలాండ్ అయితే స్క్రీన్‌కొక స్కేల్ పెట్టడం చిటికెలో పని. ఎక్స్11కి మాత్రం స్క్రీన్లన్నీ కలిపి ఒకే పెద్ద బల్ల. ఆ బల్లంతటికీ ఒకటే కొలత. ఎన్‌విడియా ఉన్న పాత ఉబుంటు తనంతట తానే ఎక్స్11లోకి పోతుంది. లాగౌట్ చేసి, పేరు మీద నొక్కాక కింద మూల కనిపించే పళ్ళచక్రంలో వేలాండ్ ఎంచుకోండి. ఉబుంటు 25.10 నుంచి గ్నోమ్‌కి వేలాండ్ ఒక్కటే మిగిలింది.

వేలాండ్‌లో సెట్టింగ్స్, డిస్‌ప్లేస్‌కి వెళ్ళి 'జాయిన్' పెట్టి, ఒక్కో స్క్రీన్ ఎంచుకుని స్కేల్ మార్చి 'అప్లై' కొట్టండి. రిఫ్రెష్ రేట్ ఎంతుందో కూడా అక్కడే ఓ చూపు చూడండి. 125, 150 కావాలంటే 'ఫ్రాక్షనల్ స్కేలింగ్' ఆన్ చేయాలి. 27 అంగుళాల 4కేకి చాలామంది కళ్ళకు 150 నప్పుతుంది. అలా పెట్టాక ఒకటి రెండు యాప్‌లే మసగ్గా ఉంటే అవి ఇంకా ఎక్స్11 దారిలోనే నడుస్తున్నాయని అర్థం. ఫైర్‌ఫాక్స్ 121 నుంచి నేరుగా వేలాండ్‌లోనే వస్తుంది కాబట్టి పాతదైతే అప్‌డేట్ చేయడమే మందు.

స్క్రీన్ల బొమ్మలను బల్ల మీద ఎలా ఉన్నాయో అలాగే జరపండి. స్కేల్ తర్వాత లాప్‌టాప్ లెక్క 1440×900, మానిటర్ 1920×1080. ఎత్తులో 180 తేడా. పై అంచులు కలిపితే మానిటర్ కింది భాగంలో ఆ 180 మేర మౌస్ గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. లాప్‌టాప్ బల్ల మీద, మానిటర్ స్టాండ్ మీద ఉన్నప్పుడు కింది అంచులు కలపడమే చేతికి సహజంగా ఉంటుంది.

ఎక్స్11లోనే ఉండాల్సి వస్తే కొంచెం లెక్క తప్పదు. లైనక్స్ మింట్‌లో సినమన్ డెస్క్‌టాప్ వాడేవాళ్ళకి ఆ బాధ లేదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఫ్రాక్షనల్ స్కేలింగ్ ఆన్ చేస్తే మానిటర్‌కొక స్కేల్ ఇస్తుంది. ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో అయితే 'అప్పియరెన్స్'లో విండో స్కేలింగ్ 2 చేయండి. లాప్‌టాప్ బాగుపడుతుంది, మానిటర్‌లో అన్నీ రెండింతలవుతాయి. టెర్మినల్‌లో ఎక్స్‌రాండర్ (xrandr) అని ఒక్కటే కొట్టి పోర్టుల పేర్లు రాసుకోండి. డ్రైవర్‌ని బట్టి పేర్లు మారతాయి. అదే ఆదేశంతో మానిటర్‌కి స్కేల్ 2×2 ఇస్తే అది 3840×2160 జాగా ఆక్రమించి, కుదించి చూపిస్తుంది. మానిటర్ ఎడమవైపుంటే దాని స్థానం 0×0, లాప్‌టాప్‌ది 3840×360. ఆ 360 ఎక్కడిదంటే 2160లోంచి 1800 తీస్తే మిగిలింది, కింది అంచులు కలవడానికి. మొత్తం బల్ల 6720×2160.

ఇక్కడ జనం చేసే తప్పు, స్కేల్ వేశాక కూడా లాప్‌టాప్‌ని 1920 దగ్గరే మొదలుపెట్టడం. అప్పుడు రెండు స్క్రీన్లూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఒకే విండో సగం రెండు చోట్లా కనిపిస్తుంది. మౌస్ మానిటర్‌లో కొంత భాగం దాటి పోకపోతే ఎక్స్‌రాండర్‌లోని ప్యానింగ్ ఆప్షన్‌కి (ఆ స్క్రీన్‌లో మౌస్ తిరిగే జాగా) కూడా 3840×2160 ఇవ్వండి. రీబూట్ చేస్తే ఇదంతా పోతుంది కాబట్టి స్క్రిప్టుగా రాసి, పైన 5 సెకన్ల స్లీప్ పెట్టి, 'సెషన్ అండ్ స్టార్టప్'లో చేర్చండి. ఆఫీసులో ఒక మానిటర్, ఇంట్లో ఇంకొకటి ఉన్నవాళ్ళకి ఆటోరాండర్ మేలు: ఒక్కో అమరికకి ఒక పేరు పెట్టి సేవ్ చేసుకుంటే, తగిలించిన మానిటర్‌ని గుర్తుపట్టి అదే మారుస్తుంది.

గ్నోమ్ మాత్రం ఈ అమరికలను హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో మానిటర్స్ డాట్ ఎక్స్ఎంఎల్ అనే ఫైలులో రాసుకుంటుంది. ఏం మార్చినా పాత గందరగోళమే తిరిగొస్తుంటే ఆ ఫైలు పేరు మార్చి, లాగౌటై మళ్ళీ రండి.