పల్మనరీ హైపర్‌టెన్షన్ మాత్రల డబ్బా సర్దుకోవడం ఎలా (ముందు రక్తనాళం లోపలి పొర సంగతి)

మా పిన్నికి ఊపిరితిత్తుల బీపీ అని తేలిన కొత్తలో చీటీ పట్టుకుని మందుల షాపుకెళ్తే, కౌంటర్లో కుర్రాడు సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందే) అని చదివి పక్కవాడి వైపు చూసి నవ్వాడు, "ఆడమనిషికా అండీ ఇది?" అని. ఒళ్ళు మండింది గానీ ఎందుకిచ్చారో నాకూ తెలీదు, నోరు మూసుకుని వచ్చేశా. ఇప్పుడు తెలుసు కాబట్టి ఇంట్లో ఇలాంటి పేషెంటు ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నా, ఏ మాత్ర దేనికో ఒక్కసారి అర్థమైతే డబ్బా సర్దడం ఐదు నిమిషాల పని.

ఇది చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదు. గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తుల్లోకి రక్తం మోసే నాళాల్లో ప్రెషర్. మామూలుగా సగటున 14 (మి.మీ. పాదరసం) దగ్గర ఉంటది, 20 దాటితే జబ్బు కిందే లెక్క, 2018 ముందు వరకూ 25 అనేవారు. ఎకోలో వచ్చే నంబరు అంచనా మాత్రమే, మెడ దగ్గరో తొడ దగ్గరో సన్న ట్యూబు పంపి చేసే కాథ్‌తోనే ఖాయం చేస్తారు. మా వైజాగ్ సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌లో చూపించుకున్నా ప్రైవేటులో చూపించుకున్నా, ఏ రకమో తేలకుండా మాత్రలు మొదలెట్టొద్దు. ఎడమ గుండె వాల్వు వల్ల వచ్చినదానికి, ఊపిరితిత్తుల జబ్బు వల్ల వచ్చినదానికి, రక్తం గడ్డల వల్ల వచ్చినదానికి వైద్యాలు వేరు. నేను చెప్పేది నాళాలే పాడయ్యే రకం, పీఏహెచ్ అంటారు, పిన్నికి స్క్లెరోడెర్మా (చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బు) వల్ల వచ్చింది.

ఆ నాళం లోపల ఒకే ఒక్క కణం మందాన ఒక పొర పరుచుకుని ఉంటది, ఎండోథీలియం. పైపుకి లోపల వేసే పూత లాంటిదేలే అనుకునేదాన్ని గానీ అది ఊరికే కూర్చునే రకం కాదు, రక్తం ఒరుసుకుంటూ పోతుంటే ఆ రాపిడి ఎంతుందో పసిగట్టి వెనకున్న కండరానికి వదులవ్వమనో బిగుసుకోమనో కబురు పెడతానే ఉంటది. వదులు చెయ్యడానికి నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్. బిగించడానికి ఎండోథెలిన్. ఈ జబ్బులో మొదటి రెండూ తగ్గిపోతాయి, మూడోది పెరిగిపోద్ది. అక్కడితో అయిపోతే బానే ఉండేది. దెబ్బతిన్న కణాల్లో కొన్ని చచ్చిపోతే, మిగిలినవి చావాల్సిన టైముకి కూడా చావకుండా గుంపులుగా పెరిగి దారికే అడ్డం పడతాయి, వెనక కండరం కూడా మందమైపోద్ది. ఆ ఇరుకు దారిలోకి తోసి తోసి కుడి గుండె అలిసిపోద్ది, ఆయాసం, కాళ్ళ వాపు అన్నీ అందుకే.

కబుర్లు మూడు కాబట్టి డబ్బాలో గళ్ళు కూడా మూడు. మార్కర్‌తో రాసేశా.

మొదటి గడి "వదులు". 1980లో ఫర్చ్‌గాట్ అనే ఆయన కుందేలు రక్తనాళం ముక్కల మీద ప్రయోగం చేస్తే, లోపలి పొర గీకేసిన ముక్క మందు వేసినా వదులవ్వలేదంట. వదులు చేసేది ఆ పొరలోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడే అని తర్వాత తేలింది, 1998లో ఇంకో ఇద్దరితో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. ఆ వాయువు కొన్ని సెకన్లలోనే పోద్ది, కానీ కండరంలో అది వదిలిన సందేశం కాసేపు ఉంటది. సిల్డెనాఫిల్, టడలాఫిల్ చేసేది ఆ సందేశం చెరిగిపోకుండా ఆపడం, షాపు కుర్రాడికి చెప్పాల్సిన సమాధానం ఇదే. సిల్డెనాఫిల్ 4 గంటల్లో సగం అయిపోద్ది, అందుకే మామూలుగా 20 మిల్లీగ్రాములు రోజుకి మూడుసార్లు, మధ్యాహ్నం డోసు మర్చిపోకుండా ఫోన్లో అలారం పెట్టండి. టడలాఫిల్ అయితే రోజుకి ఒక్కసారే. ఇంకో ముఖ్యమైన సంగతి, గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర వీటితో కలవకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోద్ది. మా ఇంట్లో బాబాయి మాత్రలు అవే, అందుకే ఆయన డబ్బా వేరే గదిలోకి మార్చేశా. ఆ సందేశాన్నే పెంచే ఇంకో మందు రియోసిగ్వాట్ కూడా వీటితో కలపరు.

రెండో గడి "బిగింపు ఆపు". బోసెంటాన్, ఆంబ్రిసెంటాన్, మాసిటెంటాన్, ఎండోథెలిన్ వచ్చి తలుపు కొడితే తియ్యనివ్వవన్నమాట. బోసెంటాన్ వాడితే నెలనెలా లివర్ టెస్టు తప్పదు, ఆంబ్రిసెంటాన్‌తో కాళ్ళు వాచొచ్చు. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళు గర్భం రాకుండా చూసుకోవాలి, బిడ్డకి ప్రమాదం.

మూడో గడి ప్రోస్టాసైక్లిన్‌ది, సెలెక్సిపాగ్ లాంటివి. పిన్నికి ఇంకా రాయలేదు, గడి ఖాళీగా ఉందని లవంగాలు పోసుకుంది. ఈ మందులు వాడేవాళ్ళకి తలనొప్పి, దవడ నొప్పి వస్తాయి, ఓర్చుకోలేకపోతే డాక్టర్‌కి చెప్పండి గానీ సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు. కణాల పెరుగుదల మీదే పనిచేసే సొటాటర్‌సెప్ట్ ఇంజెక్షన్‌కి 2024లో అమెరికాలో అనుమతొచ్చింది, 3 వారాలకోసారి.

పొద్దున్నే బరువు చూసి క్యాలెండర్ మీద రాయండి, రెండు మూడు రోజుల్లో కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టే, ఫోన్ చెయ్యాలి. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు తగ్గించాల్సిందే, హార్బర్ దగ్గర పెరిగిన మనిషికి ఎండుచేప మానెయ్యమంటే ఎలా ఉంటదో మా పిన్నినడగండి. నడక ఆర్కే బీచ్‌లో చదునుగా ఉన్నచోట, మాట్లాడగలిగేంత నెమ్మదిగా. సింహాచలం మెట్లు వద్దు, పైదాకా బస్సుంది. అరకు 900 మీటర్ల పైనే, అంత ఎత్తుకెళ్ళే ముందు డాక్టర్‌ని అడగాలి, ఆక్సిజన్ తగ్గితే ఈ నాళాలు ఇంకా బిగుసుకుంటాయి.

స్ట్రిప్పుల్లో పది రోజుల మాత్రలు మిగిలి ఉండగానే కొత్తవి తెచ్చుకోండి, మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల సీజను, అప్పుడైతే నెలకి సరిపడా ఉంచుకోవాలి. 2014లో హుద్‌హుద్ తర్వాత కరెంటు, ఫోన్లు లేక ఊరెలా ఉందో చూశాం కదా.