ఫుట్‌బాల్ పిల్లలను ఎదుగుదలను బట్టి జట్లుగా విడదీయడం ఎలా

కోనసీమలో ఏ హైస్కూలు మైదానంలో చూసినా, పదమూడేళ్ల పిల్లల జట్టులో నూనూగు మీసాలు వచ్చి 165 సెంటీమీటర్లు ఎదిగిన కుర్రాడూ, 148 దగ్గరే ఉన్న కుర్రాడూ ఒకే బంతి కోసం పోటీ పడుతూ ఉంటారు. పొడుగు అతివేగంగా పెరిగే దశ మగపిల్లలకు సగటున 14 ఏళ్ల దగ్గర, ఆడపిల్లలకు 12 ఏళ్ల దగ్గర వచ్చినా, ఒకరికి ఏడాది ముందూ మరొకరికి ఏడాది తరువాతా రావడం మామూలే. ఎంపిక రోజున చిన్నగా కనిపించి పక్కన కూర్చున్న పిల్లవాడు మరుసటి ఏడు మైదానానికే రాకుండా పోతాడు. నన్ను ఎక్కువగా బాధించే నష్టం అదే.

ముందుగా కొలతలు. బడి వరండా గోడకు టేపు అంటించి, చెప్పులు లేకుండా మడమలు గోడకు ఆనించి నిలబెట్టి, ప్రతిసారీ ఒకే మనిషి, ఉదయం పూటే కొలవాలి. సాయంత్రానికి మనిషి ఎత్తు కొద్దిగా తగ్గుతుంది. బరువును విడిగా, ఎవరికీ వినిపించకుండా నమోదు చేయాలి. ఆడపిల్లల విషయంలో ఈ పని ఉపాధ్యాయినులకే అప్పగించాలి.

తరువాత తల్లిదండ్రుల ఎత్తు కావాలి. ఇక్కడే మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది: చాలామంది పిల్లల తల్లో తండ్రో కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. ఫోనులో అడిగితే మనుషులు సాధారణంగా ఉన్నదానికంటే ఎక్కువే చెబుతారు. ప్రయాణానికి ముందు చేయించుకున్న వైద్య పరీక్షల కాగితంలో ఎత్తు రాసి ఉంటే దానినే తీసుకోవడం మేలు.

పిల్లవాడి వయసు, ఎత్తు, బరువు, తల్లిదండ్రుల సగటు ఎత్తు తీసుకుని, పెద్దయ్యాక అతను ఎంత ఎత్తు ఉంటాడో అంచనా వేసే ఖామిస్–రోచ్ పద్ధతి 1994లో వెలువడింది. పైన చెప్పిన చిన్న కుర్రాడి అంచనా 172 సెంటీమీటర్లయితే అతను ఆ ఎత్తులో ఇప్పటికే 86 శాతం దగ్గర ఉన్నట్టు. పెద్ద కుర్రాడి అంచనా 174 అయితే దాదాపు 95 శాతం. 85 లోపు, 85–90, 90–95, ఆపైన అని నాలుగు జట్లు చేయవచ్చు. అయితే ఈ లెక్కకు ఆధారం అమెరికాలోని ఓహాయో రాష్ట్రపు తెల్లజాతి పిల్లల కొలతలు గనుక మన పిల్లలకు దానిని ఉజ్జాయింపుగానే వాడాలి. సరిహద్దులో ఉన్న పిల్లవాడిని ఏ జట్టులో ఉంచాలో అతని ఆట చూసిన కోచే నిర్ణయించాలి. పుట్టిన తేదీని బడి రిజిస్టరులో కాక జనన ధ్రువపత్రంలో చూసుకోవాలి.

వయసు జట్లను రద్దు చేయవద్దు. నెలకు రెండు మూడు ఆటలు మాత్రమే ఇలా ఆడించాలి. వానాకాలపు చిత్తడి నేల మీద ఒంటి బలానిదే పైచేయి కాబట్టి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇవి మరీ అవసరం. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అకాడమీలు 85–90 శాతం మధ్య ఉన్న 11–14 ఏళ్ల పిల్లలతో ఇటువంటి పోటీ నిర్వహించినప్పుడు, ఆలస్యంగా ఎదిగేవారు తమ నైపుణ్యం చూపే అవకాశం దొరికిందన్నారు. ముందే ఎదిగినవారు వేగంగా ఆలోచించి, మెళకువతో ఆడవలసి వచ్చిందన్నారు. పెద్ద కుర్రాడి తల్లిదండ్రులకు ఈ రెండో మాట తప్పక చెప్పాలి. లేకుంటే తమ బిడ్డను శిక్షిస్తున్నారని అనుకుంటారు.

మూడు నెలలకోసారి మళ్లీ కొలిచి జట్లు సరిచేయాలి. ఆ మధ్యలో ఎత్తు ఒక్కసారిగా పెరిగి, మోకాలి చిప్ప కింద నొప్పి అంటున్న పిల్లవాడికి గెంతులు, షాట్ల సాధన తగ్గించి, నొప్పి తగ్గకపోతే వైద్యునికి చూపించాలి.