పాత యెజ్డీకి చైన్, స్ప్రాకెట్లు వెతకడం

మాది పాలకొల్లు. మైసూరులో యెజ్డీ మోటార్ సైకిళ్ళ తయారీ 1996లోనే ఆగిపోయింది కాబట్టి షాపులో బండి పేరు చెబితే చాలామంది లేదనే అంటారు. అందుకే కొలతలు చెప్పి అడగండి.

ముందు పాత చైన్ కడిగి, బిగువుగా లాగి, ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు కొలవండి. 12.7 మిల్లీమీటర్లు ఉంటే అది అర అంగుళం పిచ్. 428 సైజు బైక్ చైన్‌ది ఇదే పిచ్. 20 లింకుల పొడవు 254 మిల్లీమీటర్లు ఉండాలి, 259 దాటితే చైన్ పని అయిపోయినట్టే. లోపలి వెడల్పు, రోలర్ మందం, లింకుల సంఖ్య, స్ప్రాకెట్లకు (చైన్ తిరిగే పళ్ళ చక్రాలకు) ఎన్ని పళ్ళున్నాయో కూడా రాసుకోండి. రైస్ మిల్లు సామాన్ల కొట్టులో దొరికే చైన్ చూడటానికి అలాగే ఉన్నా రోలర్ సన్నగా ఉండొచ్చు, తొందరపడి కొనకండి.

చైన్ సులువుగానే దొరుకుతుంది. కష్టమంతా వెనక స్ప్రాకెట్‌తోనే. భీమవరం, రాజమండ్రిలో పాత మెకానిక్‌ల దగ్గర అడగండి, పాత స్టాకు వాళ్ళ అటకల మీదే ఉంటుంది. దొరక్కపోతే మంచి లేతు పనివాడు అదే పిచ్ ఉన్న వేరే స్ప్రాకెట్ పళ్ళ చక్రాన్ని మీ పాత మధ్యభాగానికి వెల్డింగ్ చేసి ఇస్తాడు. సెంటర్ తప్పితే చైన్ ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వదులవుతుంది కాబట్టి చక్రం తిప్పి చూశాకే డబ్బులివ్వండి.

చైన్, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ ఒకేసారి మార్చండి. అరిగిన పళ్ళు కొత్త చైన్‌ను తినేస్తాయి. నర్సాపురం వైపు ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది, ఆయిల్ తరచూ పట్టించాలి. చైన్ రెండు కొసలనూ కలిపే లింకు క్లిప్పుకు మూసి ఉన్న కొస చైన్ నడిచే దిశకు ఉండాలి.