రోవర్ వెళ్లేలోపు బీచ్‌లో ఆడించే ఆట

యూరప్ వాళ్ల రోజలిండ్ ఫ్రాంక్లిన్ రోవర్, అంటే అక్కడి నేల మీద తిరిగే చక్రాల రోబో బండి, అంగారకుడికి 2018లో వెళ్తుందన్నారు. తర్వాత 2020 అన్నారు, 2022 అన్నారు. ఉక్రెయిన్ యుద్ధంతో రష్యాతో పొత్తు తెగి అదీ పోయింది. ఇప్పుడు 2028లో ప్రయోగం, 2030లో దిగడం. "టీచర్, అసలు వెళ్తుందా?" అని మా ట్యూషన్ పిల్లలు ప్రాణం తీస్తుంటే ఈ ఆట మొదలుపెట్టాను.

మా విశాఖలో అయితే ఆర్కే బీచ్ వద్దు, ఆదివారమైతే అసలే వద్దు. మన ఆటలో రోవర్ అయిన పిల్లాడు వెళ్లి ఎవరి మురీ మిక్చర్ పొట్లాన్నో తొక్కుతాడు. పొద్దున్నే రుషికొండ దాటి భీమిలి వైపు ఖాళీగా ఉన్న చోటు చూసుకోండి. అలల దగ్గరకు మాత్రం పోనివ్వకండి, మన సముద్రం లోపలికి లాగేస్తుంది.

ఇసుకలో నాలుగు చెప్పులు పడేయండి, అవే రాళ్లు. ఒకరికి కళ్లకు గంతలు కట్టండి, వాళ్లే రోవర్. ఇంకొకరు దారిని ఒక్కసారి చూసి, వెనక్కి తిరిగి కూర్చుని చీటీ రాయాలి: ఆరడుగులు ముందుకు, కుడికి తిరుగు. చీటీని రోవర్‌కి వెంటనే చదివి వినిపించకూడదు. అంగారకుడికి సిగ్నల్ చేరడానికి దూరాన్ని బట్టి సుమారు 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. పిల్లలకు అంత ఓపిక ఎక్కడిది, మూడు చాలు. రోవర్ చెప్పు తొక్కబోతుంటే పక్కనున్న వాళ్లెవరూ "ఆగరా" అని అరవకూడదు. అదీ రాసి మూడు నిమిషాలు కూర్చోవాల్సిందే. రెండో రౌండులో, కాలికి చెప్పు తగిలితే తనంతట తానే ఆగే అధికారం రోవర్‌కి ఇవ్వండి. అసలు రోవర్‌కి సొంత బుర్ర ఎందుకో అప్పుడు చెప్పక్కర్లేదు.

తర్వాత రిమోట్ కారు తీయండి. తడి ఇసుకలో దూసుకుపోతుంది. పొడి ఇసుకలోకి రాగానే చక్రాలు ఉన్నచోటే తిరిగి, గుంత తవ్వుకుని, కారు పొట్ట ఇసుకకు ఆనుతుంది. 2009లో అంగారకుడి మీద నాసా రోవర్ స్పిరిట్ ఇలాగే కూరుకుపోయి మళ్లీ బయటపడలేదు. రోజలిండ్ ఆరు చక్రాలనూ కాళ్లలా కదిపి నడవగలదు. పిల్లలను పొడి ఇసుకలో పాకించండి, తేడా తెలుస్తుంది.

చివరగా మోచేతి లోతు తవ్వించండి, అంతకు మించొద్దు. పైన పొడి, కింద చెమ్మ. రోజలిండ్ 2 మీటర్ల దాకా డ్రిల్ చేస్తుంది. అంగారకుడి పైపొరలో ప్రాణి జాడలేమైనా ఉన్నా రేడియేషన్ చెరిపేసి ఉంటుందని.

వచ్చేటప్పుడు గుంతలు పూడ్చండి. ఆలివ్ రిడ్లే తాబేళ్ల సీజన్‌లో మరీ ముఖ్యం, పిల్ల తాబేలు పడితే ఎక్కి రాలేదు.