ఫైర్‌వాల్ పెట్టె వేడి తగ్గించుకున్న విధం

ఇంటి ఇంటర్నెట్‌కు కాపలాగా ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ వేసి పెట్టుకున్న ఫ్యాన్ లేని చిన్న పెట్టె, రాత్రివేళ పని దాదాపు లేకపోయినా చెయ్యి ఆనించలేనంత వేడెక్కేది. సెట్టింగ్స్‌లోని మిసిలేనియస్ పేజీలో పవర్‌డీని (పనిని బట్టి ప్రాసెసర్ వేగాన్ని మార్చే ప్రోగ్రామ్) ఆన్ చేసి, అడాప్టివ్ పద్ధతి ఎంచుకున్నాను. రెండు రోజులు చూసినా ఉష్ణోగ్రత కదలలేదు. మినిమమ్ పెట్టినా అదే తీరు.

కారణం ఆలస్యంగా అర్థమైంది. ప్రాసెసర్‌లో ఇంటెల్ స్పీడ్ షిఫ్ట్ (ప్రాసెసరే తన వేగాన్ని మార్చుకునే సదుపాయం) ఉంటే, ఓపీఎన్‌సెన్స్‌కు ఆధారమైన ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 13వ వెర్షన్ నుంచి ఆ సదుపాయపు సొంత డ్రైవరే పగ్గాలు తీసుకుంటుంది. వేగం ఎంత ఉండాలో ప్రాసెసరే నిర్ణయించుకుంటుంది కనుక పవర్‌డీ మాట అక్కడ చెల్లదు. మనం చెప్పగలిగేది మొగ్గు ఒక్కటే. ఆ మొగ్గును ఈపీపీ అనే విలువ తెలుపుతుంది: 0 అంటే పూర్తిగా వేగం వైపు, 100 అంటే పూర్తిగా పొదుపు వైపు, మార్చకపోతే 50.

పవర్‌డీని ఆపేసి, ట్యూనబుల్స్ (సిస్టమ్ లోపలి విలువలను మార్చే) పేజీలో ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లకూ విడివిడిగా ఈపీపీ విలువ 80 రాసి, అమలు చేశాను. అరగంటలో వేడి తగ్గడం డ్యాష్‌బోర్డులోనే కనిపించింది (అందుకు థర్మల్ సెన్సర్‌ను ఇంటెల్ కోర్‌గా ముందే ఎంచుకోవాలి). 100 కూడా ప్రయత్నించాను కానీ, వీపీఎన్ మీద పెద్ద ఫైళ్లు దించేటప్పుడు వేగం మందగించినట్లు అనిపించడంతో మళ్లీ 80కే వచ్చాను.