అరిగిపోయిన అక్షరాలు ఇలా చదివాను

పాత పాకెట్ పిస్తోళ్లంటే నాకు పిచ్చి. లైసెన్సు టెన్షన్ ఎందుకని వాటికి వాడిన క్యాపుల (తుపాకి మందును అంటించే చిన్న లోహపు టోపీల) ఖాళీ డబ్బాలతోనే సరిపెట్టుకుంటాను. విజయవాడ వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్లో ఇత్తడి డబ్బా ఒకటి దొరికింది. మూత మీద ఏదో ఉంది, చదవలేం.

చింతపండు, భూతద్దం, ఫోన్ జూమ్, అన్నీ దండగ. (చింతపండుతో పాత రంగు కాస్తా పోయింది, మీరు ఆ పని చేయకండి.)

చివరికి రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, డబ్బాను నల్లగుడ్డ మీద పెట్టి, టార్చిని దాదాపు మూత ఎత్తులోనే పక్కనుంచి వేశాను. టార్చి కదపకుండా డబ్బానే కొంచెం కొంచెంగా తిప్పాను. ఒకచోట అక్షరాల నీడలు లేచాయి: 'ఈలీ బ్రదర్స్ లిమిటెడ్, లండన్'. ఆ కంపెనీ లిమిటెడ్ అయింది 1874లో. అంటే డబ్బా అంతకు ముందుది కాదు.

ఇది గుద్దిన అక్షరాల సంగతి. కాగితం లేబుల్‌కు పనిచేస్తుందని చెప్పలేను.